ఆఖరి వారం బొమ్మ

మా మనవరాలు ఫోనులో స్నేహితురాలితో గొడవపడుతోంది. వాళ్లు వారం వారం చూసే ఒక కథ గురించి ఆ గొడవ. అందులో ఎవడో చచ్చిపోయాడట, కాదు బతికే ఉన్నాడట. "గోడమీద గడియారం చూడవే! మొదటి భాగంలోనూ పదింపావే, మొన్నా పదింపావే. ఊరికే పెడతారా? వాడు బతికే ఉన్నాడు, రాసిపెట్టుకో" అని మంచం మీద కూర్చుని అరుస్తోంది. నేను వంటింట్లో పనసపొట్టు కొడుతున్నాను. చేతులకు నూనె రాసుకుని కూర్చున్నదాన్ని, ఆ మాట వినగానే చెయ్యి ఆగిపోయింది. ముక్కులో పచ్చిపనస వాసన, చెవిలో ఆ మాట.

"గడియారానికి కీ ఇచ్చే తీరిక లేక అలా వదిలేశారేమోనే" అన్నాను.

"నీకు తెలీదు, ఊరుకో అమ్మమ్మా" అంది.

నాకు తెలీకపోవడమేమిటి! ఆ విద్యలో పదకొండేళ్లకే ఆరితేరినదాన్ని. దానివల్ల ఒక మనిషి బతుకు ఏమైందో కూడా తెలిసినదాన్ని. కానీ ఈ పిల్లకు ఏమని చెప్పను? మళ్లీ కత్తి అందుకున్నాను.

మాది బొబ్బిలి పక్క పల్లె, వీణలు చేసేవాళ్ల వీధి. మేం వీణలవాళ్లం కాదు. మాకు కాస్త మెట్ట ఉండేది, చోళ్లు (రాగులను మావైపు అలాగే అంటాం), నువ్వులు పండేవి. నాన్న రైల్వే గ్యాంగులో పనికి పోయి వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. మా పక్కింట్లో మాత్రం పొద్దున్నుంచి బాడిస చప్పుడే. ఆ ఇంటాయన పనస దుంగను బాడిసతో తొలిచి, ఉలితో చెక్కి వీణ చేసేవాడు. ఆయన్ని పెద్దనాన్న అనీ, ఆయన భార్యను పెద్దమ్మ అనీ పిలిచేదాన్ని, చుట్టరికం ఏమీ లేకపోయినా. వాళ్ల పాకలో మోకాలెత్తున పనస చెక్క పొట్టు పోగుపడి ఉండేది. ఆ పసుపుపచ్చ పొట్టులో కూర్చుంటే బట్టలకు తియ్యటి వాసన అంటుకునేది. బడిలో పక్కపిల్ల "నీ దగ్గర పనసపండు వాసనొస్తాదే" అని నన్ను మూచూసేది.

నన్ను పెంచింది మా అత్త, నాన్న చెల్లెలు. అమ్మ నాకు రెండేళ్లప్పుడు పోయింది. ఆవిడ ముఖం నాకు తెలీదు. ఏడిస్తే అత్త కొంగు, జ్వరం వస్తే అత్త ఒడి, అంతే నాకు తెలిసిన అమ్మతనం. నేను చెప్పే ఏడాదికి నాకు పదకొండు, అత్తకు ఇరవైయారేళ్లు. పెళ్లయిన రెండో ఏట మావ కలకత్తా జూటు మిల్లుకి పోయాడు. మా వైపు నుంచి చాలామంది అలా పోయేవారు. ఏడాదిన్నర ఉత్తరాలు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి. హౌరా స్టేషనులో చూశానన్నాడు ఒకడు. మశూచి వచ్చి ఎప్పుడో పోయాడన్నాడు ఇంకొకడు. ఏది నిజమో ఎవరికీ తెలీదు. ఏడేళ్లు గడిచాయి. అత్త పుట్టింట్లోనే ఉండిపోయింది, కాళ్లకు మట్టెలతో.

ఇక మా వీధికి వచ్చే వారపత్రిక సంగతి. దాని పేరు చెప్పను, అందులో వారం వారం వచ్చిన కథ పేరూ చెప్పను. చెప్పినా ఇప్పుడు ఎవరికి గుర్తుంటుంది గనక! నాలుగిళ్లవాళ్లు కలిసి తెప్పించుకునేవారు. గురువారం మధ్యాహ్నం బస్సుకి వచ్చేది. బస్సు ఆగేచోట కొట్టాయన దాన్ని చుట్టగా చుట్టి పురికొస కట్టి ఇస్తే, బడి వదలగానే నేను తేవాలి. ముడి విప్పకుండా తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టాలి. "దారిలో ముడి ఇప్పినావంటే కళ్లు పోతాయే గుంటా" అని పెద్దమ్మ బెదిరించేది. నేను విప్పేదాన్ని కాదు. చుట్ట చివర్లలోంచి తొంగిచూసేదాన్ని, అంతే.

పాకలో అందరూ చేరేవారు. మా నాన్నమ్మ, అత్త, పెద్దమ్మ, అప్పుడప్పుడు ఇంకో ఇద్దరు ముగ్గురు. ఒళ్లో చేటలు, చేటల్లో చోళ్లో నువ్వులో. ఉడికించిన చిలగడదుంపలు ఒక తట్టలో ఉండేవి. వాళ్లలో ఒక్కరికీ చదువు రాదు. అందుకే మా పాక పద్ధతి వేరు. ముందు కథకు వేసిన బొమ్మ చూడాలి. పత్రిక చేతులు మారుతూ అందరి ఒళ్లలోకీ వెళ్లి రావాలి. ఆ తర్వాతే నేను చదవాలి. చదివాక వాదులాట మొదలయ్యేది. వాదులాట అయ్యాక ఆ కథ పేజీలు చింపి అత్తకు ఇచ్చేవారు. కథ పూర్తయ్యాక అత్త అన్నిటినీ కలిపి పుస్తకంలా కుట్టేది. కుట్టు పని ఆమెదే.

ఆ కథలో ఒక పెద్దింటి కోడలు. భర్త ఓడలో ఉద్యోగానికి పోతాడు. ఓడ మునిగిందని తంతి వస్తుంది కానీ శవం దొరకదు. కొన్నాళ్లకు ఆ ఇంటి మేడగదిలో ఒక మనిషి అద్దెకు దిగుతాడు. గడ్డం, నల్ల కళ్లద్దాలు. ఎవరితోనూ మాట్లాడడు, సాయంత్రాలు కిటికీలోంచి ఆ కోడలినే చూస్తుంటాడు. ఎవడు వాడు? మా వీధికి ఆ ఏడాదంతా అదే ప్రశ్న. వానలు సరిగ్గా పడలేదన్న దిగులు కూడా దాని తర్వాతే.

"ఆడే మొగుడు. వంకాయ కూర ఒగ్గేసినాడు కాదేటి మొన్న? మొదట్లో మొగుడూ వంకాయ తినలేదు" అనేది పెద్దమ్మ.

"వంకాయ తిననోడల్లా మొగుడేటే? మీ మావకీ పడేది కాదు వంకాయ" అనేది నాన్నమ్మ, మా తాతను తలుచుకుని.

"మావ ఇప్పుడెందుకత్తా కథలోకి?" అనేది పెద్దమ్మ, నాన్నమ్మను వరస కలిపి.

"ఆయనకీ గడ్డం ఉండేదిలే."

అందరూ పడీపడీ నవ్వేవారు. అత్త నవ్వేది కాదు. చేటలో నువ్వులు ఒకటొకటి ఏరుతూ వినేది.

ఏడో వారమో ఎనిమిదో వారమో నేనొక గొప్ప పని చేశాను. బొమ్మలో ఆ కోడలు తెల్లచీర కట్టుకుని మెట్లమీద కూర్చుంది. తంతి వచ్చి అప్పటికి నెల దాటింది. బొట్టు లేదు, గాజులు లేవు. అందరూ ముఖం చూసి "అయ్యో పాపం" అని పక్కకు ఇచ్చేస్తున్నారు. నేను కాళ్లు చూశాను. రెండు కాళ్ల వేళ్లకూ సన్నటి గీతలు, మట్టెలు!

"అత్తా, కాళ్లు సూడు" అన్నాను.

అన్ని తలలూ ఒక్కసారి వంగాయి. "ఓలమ్మో! మట్టెలున్నాయే! తీయలేదే!" అని పెద్దమ్మ గుండెలమీద చెయ్యేసుకుంది. "అంటే ఆడు బతికే ఉన్నాడని రాసినోడికి తెలుసునన్నమాట. మనకి సెప్పకుండా బొమ్మలో దాసినాడు దొంగసచ్చినోడు!"

పెద్దనాన్న అంతవరకూ వీణ కుండకు లత చెక్కుతున్నాడు. ఉలి ఆపి అన్నాడు. "బొమ్మేసినోడు కథ సదివి ఏస్తాడేటే? ఆడదాని కాళ్లంటే మట్టెలేసేస్తాడు. సెయ్యలవాటు. నాను ఈ లతకి నాలుగాకులేసినాను. నాలుగాకులకీ అర్థం ఉన్నాదేటి?"

"నువ్వు నీ పని సూసుకో" అని పెద్దమ్మ కసిరింది. ఆయన ఉలి తీసుకున్నాడు. ఆ రోజు ఆయన మాట ఒక్కరం వినలేదు. వినుంటే ఎంత బాగుండేదో అని ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. "బుర్రంటే ఇదే బుర్ర" అంది పెద్దమ్మ, పెద్ద దుంప నాకే ఇచ్చింది. అత్త మాత్రం తన కాళ్లు చీర కుచ్చెళ్లలోకి లాక్కుంది. ఆ సాయంత్రం నూతి గట్టుమీద కూర్చుని మట్టెలను చింతపండుతో తోముతోంది. వెండి తెల్లగా మెరిసింది. నన్ను చూసి ముఖం పక్కకు తిప్పుకుంది, సిగ్గుపడినట్టు. ఏడేళ్లలో అత్త అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. అది నా ఘనతే అనుకున్నాను.

ఆ తర్వాత ఆమె కూడా గుర్తులు వెతకడం మొదలుపెట్టింది. కథలో ఎడమ కన్ను అదిరితే తనకూ అదిరిందనేది. మేడగది మనిషి దగ్గితే "మీ మావా ఇలగే దగ్గేవాడే, దుమ్ము పడదు" అనేది. జూటు మిల్లులో అంతా దుమ్మే కదా అని నేను అనలేదు.

ఎండలు మొదలవుతుండగా గరివిడి నుంచి ఒక సంబంధం వచ్చింది. మా వాళ్లలో మారుమనువు తప్పు కాదు. నలుగురు పెద్దలు కూర్చుని పాత మనువు తెగిందని చెప్పి, మట్టెలు తీయించి కొత్త చీర పెడితే సరి. ఆయన గరివిడి ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. భార్య పోయింది, అయిదేళ్ల కూతురు ఉంది. పొడుగ్గా, నల్లగా, చేతులమీద కాలిన మచ్చలతో ఉండేవాడు. మాట మెల్లగా ఉండేది. ఒక గురువారం కూతుర్ని వెంటబెట్టుకుని, ఒక సంచీ జీడిపప్పు పట్టుకుని వచ్చాడు. సరిగ్గా చదివే వేళకే వచ్చాడు. నాన్నమ్మ లేవబోతే "కూకోండమ్మా, కథ కానీండి. నానూ ఇంటాను" అని పాక గుంజకు ఆనుకుని కూర్చున్నాడు.

నేను చదివాను. ఆ రోజు కాస్త ఎక్కువ రాగం తీసే చదివాను, కొత్తమనిషి ఉన్నాడని. చదివాక మామూలుగానే గొడవ మొదలైంది. ఆయన వింటూ కూర్చుని చివరకు అన్నాడు.

"నానూ సదువుతన్నానండీ ఈ కథ, క్వార్టర్సులో ప్రతీ వారం. నాకొకటి అనిపిస్తాది. సెప్పమంటారా?"

"సెప్పు నాయినా" అంది నాన్నమ్మ.

"మీరందరూ ఆడొస్తాడా రాడా అని సూస్తన్నారు. రాసినాయన ఆడి గురించి రాయట్లేదు. ఆవిడ గురించి రాస్తన్నాడు. ఆవిడేటి సేస్తాదో, అది సూడాలి."

పెద్దమ్మ మూతి తిప్పింది. "మట్టెలు సూడనేదు కాబోలు" అంది.

"సూసినాను" అన్నాడాయన. "అవి ఆవిడ కాళ్లకే కదమ్మా ఉన్నాయి. తియ్యాలన్నా ఉంచాలన్నా ఆవిడిష్టమే."

అప్పుడు అత్త నవ్వింది. పెద్ద నవ్వేమీ కాదు, పెదాల చివర చిన్న నవ్వు. నేను చూశాను. ఇంకోటి కూడా చూశాను. ఆయన కూతురు ఎప్పుడు వచ్చిందో అత్త ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతోంది. అత్త చెయ్యి దాని జుట్టులో ఉంది. చిక్కులు తీస్తోంది. నా తలలో తిరిగే చెయ్యి అది!

ఆ రోజు జీడిపప్పు నేను ముట్టలేదు. కడుపునొప్పి అని చెప్పాను. తర్వాత ఎవరూ లేనప్పుడు సంచీలోంచి గుప్పెడు తీసి తిన్నాను, అది వేరే సంగతి.

ఇంట్లో రోజూ అదే మాట. "మంచి మనిషే. పిల్లకి తల్లి కావాలి, నీకు నీడ కావాలి. ఎన్నాళ్లిలగ?" అని నాన్నమ్మ. అత్త ఔననదు, కాదనదు. చివరికి ఒకరోజు అంది: "కథ అయిపోనీయమ్మా. అప్పుడు సెప్తాను."

"కథకీ మనువుకీ ఏటే సంబంధం! మతిగాని పోనాదా?"

"ఏ సంబంధం లేదు. అయిపోనీ, అంతే."

నాకు మాత్రం సంబంధం తెలుసు. కథలో భర్త వస్తే అత్త ఉండిపోతుంది. రాకపోతే మట్టెలు తీసి గరివిడి వెళ్లిపోతుంది. ఆ చెయ్యి ఆ పిల్ల జుట్టులోకి వెళ్లిపోతుంది. పదకొండేళ్ల బుర్రకు లెక్క అంత స్పష్టంగా తేలిపోయింది.

"వచ్చే వారం ముగింపు" అని పత్రికలో పడింది. నాన్నమ్మ వెంటనే గరివిడికి కబురుపెట్టింది, సోమవారం పెద్దలతో రమ్మని.

ఆ గురువారం చుట్ట అందుకుని ఇంటికి రాలేదు. మిషన్ బడి వెనక గోడ నీడన కూర్చున్నాను. కళ్లు పోతాయని పెద్దమ్మ అన్నది గుర్తొచ్చి ఒక కన్ను మూసుకుని, పోతే ఒకటే పోతుందని, ముడి విప్పాను.

మేడగది మనిషి భర్త కాదు. అదే ఓడలో పనిచేసినవాడు. భర్త తన చేతుల్లోనే చనిపోయాడనీ, ఆ మాట చెప్పడానికి వచ్చి, ఆమె ముఖం చూసి చెప్పలేక ఇన్నాళ్లూ ఉండిపోయాననీ చెబుతాడు. ఆమె ఏడుస్తుంది. రెండు పేజీలు ఏడుస్తుంది. తర్వాత లేచి ముఖం కడుక్కుంటుంది. అతని వెంట వెళ్లడానికి ఒప్పుకుంటుంది. కింద బొమ్మ. పూర్తి పేజీ బొమ్మ. గడప దాటుతున్న ఆడమనిషి కాళ్లు. వేళ్లకు మట్టెలు లేవు. వెనకాల పీటమీద రెండు మట్టెలు పెట్టి ఉన్నాయి. గుమ్మం అవతల వెలుతురు, ఒక మనిషి నీడ.

ఆ ఒక్క బొమ్మ చాలు. చదువు రానివాళ్లకు ఇంకేం అక్కర్లేదు.

అత్త మీద దయతో చేశానని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. దయ లేదు, ఏమీ లేదు. నా అత్త నాకు కావాలి, అంతే. పిన్నుల దగ్గర జాగ్రత్తగా పట్టుకుని బొమ్మ ఉన్న కాగితం చింపేశాను. ఉండచుట్టి జాకెట్టులో దోపుకున్నాను. చుట్ట మళ్లీ చుట్టి ముడి వేశాను.

"ముడేటే ఇలగున్నాది?" అంది పెద్దమ్మ.

"ఈరోజు కొట్టాయన కూతురు కట్టింది."

"బొమ్మేదే?"

"ఆఖరి వారం బొమ్మ ఎయ్యలేదు."

"ఓలి మాయదారి పత్రికా! ఇన్నాళ్లూ ఏసి ఆఖరికి మానేసినారేటి?" అని తిట్టింది. నమ్మింది పాపం.

చదివాను. కాగితం మీద ఒకటి ఉంటే నోటితో ఇంకోటి చదివాను. మేడగది మనిషి కిందికి దిగివచ్చాడు, నల్ల కళ్లద్దాలు తీశాడు, భర్తే. ఆమె కాళ్లమీద పడింది. పెద్దమ్మ భోరుమంది. "నాను సెప్పనేదా! వంకాయ! మట్టెలు!" అని ఏడుస్తూ నవ్వుతూ నన్ను ముద్దుపెట్టుకుంది. నాన్నమ్మ ఒక్కతే "సాల్లే సంబరం" అని చేట దులుపుకుని లేచింది. పెద్దనాన్న నన్నే చూస్తున్నాడని అనిపించి తల ఎత్తలేదు.

అత్త ఏడవలేదు. "మళ్లీ సదువు, ఆ ముక్క" అంది.

మళ్లీ చదివాను. ఈసారి వాడు గడ్డం గీయించుకుని దిగివచ్చాడు.

"ముందర గడ్డంతోనే ఉన్నాడు కదే?"

"తప్పు చదివానత్తా ముందు."

అత్త చిలగడదుంప తొక్క తీసి నా చేతిలో పెట్టింది. అందరూ వెళ్లాక ఆ కాగితం ఉండను పాక మూల పొట్టు కుప్పలోకి చేయి పోనిచ్చి లోపలికి తోసేశాను. ఆ పొట్టు ఎటూ పొయ్యిలోకే పోతుంది. శనివారం శనివారం నీళ్లపొయ్యికి దాన్ని గంపలోకి ఎత్తుకొచ్చేది మా అత్తేనని అప్పుడు నాకు తట్టలేదు చూడండి! ఇంతా చేసి అది తట్టలేదు.

శనివారం ఒంటిపూట బడి. ఇంటికి వచ్చేసరికి అత్త వసారాలో కూర్చుని కథ పేజీలన్నీ కలిపి దబ్బనంతో కుడుతోంది. నీలం దారం. పక్కన గంపనిండా పనస పొట్టు ఉంది, పొయ్యి మాత్రం వెలగలేదు. "నీళ్లు కాగనేదు, ఉండు" అంది. కుట్టడం పూర్తిచేసి, దారం పళ్లతో కొరికి, పుస్తకం తీసుకెళ్లి తన పెట్టెలో పెట్టింది. తర్వాత పొయ్యి ముట్టించి, కుంకుడుకాయ కొట్టి నాకు తలంటింది. ఎండలో కూర్చోబెట్టి తల ఆరబెట్టి జడ వేసింది. ఎప్పుడూ వేసేదానికంటే చాలాసేపు వేసింది.

"నాను ఎల్లిపోతే నువ్వేటి సేస్తావే?" అంది వెనకనుంచి.

"నేనూ వచ్చేస్తాను."

"అలగెలా వస్తావు? నాన్నమ్మని, మీ నాన్నని ఒగ్గేసి?"

"అయితే సచ్చిపోతాను" అన్నాను. పిల్లలు అనే మాటే. అన్నం వద్దన్నంత తేలికగా అన్నాను.

జడలో చెయ్యి కాసేపు ఆగింది. "తప్పు. అలగనకూడదు" అంది. రిబ్బను ముడి వేసి వీపు తట్టింది.

సోమవారం వాళ్లు వచ్చారు. పెద్దలు నలుగురు, ఆయన, ఎర్ర రిబ్బను కట్టుకున్న ఆ పిల్ల. వచ్చీ రాగానే అది పరుగెత్తి అత్త కాళ్లను చుట్టేసుకుంది. అత్త దాన్ని ఎత్తుకోలేదు. ఆయన భుజానికి సంచీ ఉంది. సంచీలోంచి ఆ వారం పత్రిక అట్ట కనిపిస్తోంది. ఆయన ప్రతి వారం చదువుతాడు కదా! నా పని అయిపోయింది అనుకున్నాను. తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను.

పెద్దలు అడిగారు. అత్త తల వంచుకుని ఉంది. తర్వాత తలెత్తింది. వాళ్లవైపు కాదు, నావైపు చూసింది.

"పిల్ల కథ సదివింది, ఇన్నాం. ఆడొచ్చేసినాడు కథలో. నా మనిషీ వస్తాడని నాకు నమ్మకం. నన్ను ఇలగే ఉండనీయండి" అంది.

నాన్నమ్మ నెత్తి కొట్టుకుంది. పెద్దల్లో ఒకాయన "కథని పట్టుకుని బతుకు పాడుసేసుకుంటావేటమ్మా?" అన్నాడు. ఇంకొకాయన గరివిడి ఆయనవైపు తిరిగి "నువ్వూ సదువుతావు గదా ఇది? నిజంగా వచ్చినాడేటి ఆడు?" అన్నాడు.

ఆయన అత్తను చూశాడు. తర్వాత తలుపు చాటున ఉన్న నన్ను చూశాడు. ఎంతసేపు చూశాడో తెలీదు, నాకు మాత్రం చాలాసేపు. సంచీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

"నానింకా సదవనేదండీ ఈ వారంది" అన్నాడు.

లేచి వెళ్లేముందు నా దగ్గర ఆగి "బాగా సదువుకో అమ్మా" అని తలమీద చెయ్యి పెట్టాడు. ఆ పిల్ల వీధి మలుపుదాకా వెనక్కి చూస్తూనే నడిచింది. అత్త అరుగుమీద నిలబడే ఉంది. వాళ్లు కనుమరుగయ్యాక లోపలికి వచ్చి చోడి అంబలి కలిపి నాకు పెట్టింది. గెలిచినట్టు అనిపించింది నాకు. గిన్నె ఖాళీ చేశాను.

తర్వాత పత్రికలో కొత్త కథ మొదలైంది. అత్త మళ్లీ ఆ పాకలో కూర్చోలేదు. అడిగితే తలనొప్పి అనేది. నేను మాత్రం చదువుతూనే ఉన్నాను, గుర్తులు పడుతూనే ఉన్నాను, మెప్పులు పొందుతూనే ఉన్నాను. మావ రాలేదు. గరివిడి ఆయన మరుసటి ఏడు ఎవరినో చేసుకున్నాడని విన్నాం. ఆ రోజు అత్త చోళ్లు విసురుతోంది. తిరగలి ఆపలేదు.

నాకు పద్దెనిమిదేళ్లకు పెళ్లయింది. ఏ మనిషి వెళ్లిపోకూడదని అంత పని చేశానో, ఆ మనిషిని వదిలేసి నేనే బస్సెక్కి వెళ్లిపోయాను. అత్త బస్సుదాకా వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి నా జడ సర్దింది. నాన్నమ్మ పోయింది, నాన్న పోయాడు. ఆ ఇంట్లో అత్త ఒక్కతే. రమ్మంటే రాదు. "ఆడొస్తే తలుపు తియ్యడానికి ఎవరుండాలి?" అని నవ్వేది. నేను ఊరు వెళ్లినప్పుడల్లా నిజం చెప్పేద్దామనుకునేదాన్ని. పుస్తకం ఓసారి చూపించమని అడగడానికి కూడా భయమే. చింపిన చోటు కనబడుతుందని.

పోయినేడు అత్త వెళ్లిపోయింది. స్నానం చేయించేటప్పుడు మట్టెలు తీయడానికి నూనె రాయవలసి వచ్చింది. అరిగి అరిగి దారాల్లా అయిపోయాయి. పెట్టె తెరిస్తే అడుగున పాత చీరలో చుట్టి ఉంది ఆ పుస్తకం. ఇంటికి తెచ్చుకున్నాను. నెలరోజులు తెరవలేదు. తెరిచాక ఒక్కొక్క పేజీ తిప్పుతూ వచ్చాను. వంకాయ కూర వచ్చింది, మెట్లమీద తెల్లచీర వచ్చింది, మట్టెలు వచ్చాయి. చివరకు వచ్చాను.

చివరి కాగితం నిండా ముడతలు. ఎవరో ఒళ్లో పెట్టుకుని అరచేత్తో రాసి రాసి చదును చేసినట్టు ఉన్నాయి. ముడతల్లో ఇంకా పసుపుపచ్చ పనస పొట్టు. గడప దాటుతున్న కాళ్లు, పీటమీద రెండు మట్టెలు, గుమ్మం అవతల వెలుతురు. తర్వాత అంటించింది కాదు. మిగతా కాగితాలతో కలిపి, అదే నీలం దారంతో, అవే దబ్బనం కన్నాల్లోంచి కుట్టి ఉంది.

ఆ పుస్తకం అత్త కుట్టింది శనివారం. పెద్దలు వచ్చింది సోమవారం.

అంటే నా నోట "సచ్చిపోతాను" అన్న మాట వినేసరికే ఆమెకు అంతా తెలుసు. కథ ఏమైందో తెలుసు, కాగితం ఎవరు చింపారో తెలుసు, ఎందుకు చింపారో తెలుసు. మధ్యలో ఒక ఆదివారం ఉంది. ఆ ఆదివారం ఏం జరిగిందా అని ఎంత గుర్తుచేసుకున్నా ఒక్కటే గుర్తొస్తుంది. పొద్దున్నే నన్ను వసారాలో కూర్చోబెట్టుకుని, ముందురోజు జడ విప్పి, మళ్లీ దువ్వి, మళ్లీ జడ వేసింది.